మొదటి కాగితం

వరుసలో అందరికంటే ముందు నిలబడ్డ మనిషికి గోడ తప్ప ఏమీ కనిపించదు. వెనకవాళ్ళకి ముందువాళ్ళ మెడలైనా కనిపిస్తాయి, ఎవరి కాలరు నలిగిందో, ఎవరి జుట్టులో రంగు అందని వెంట్రుక మిగిలిపోయిందో చూసుకుంటూ కాలక్షేపం చేస్తారు. మొజెల్ టాలివర్‌కి మాత్రం చాపెల్ నేలమాళిగలోని ఈ ఆకుపచ్చ గోడ, దాని మీద పెచ్చులూడిన మచ్చ, మచ్చ పక్కన ఎప్పటిదో మేకు, అంతే. పదకొండేళ్ళుగా అదే మేకు. రెహోబోత్ కాలేజీలో స్థాపకుల దినాన పంతుళ్ళందరూ నల్లగౌన్లు తొడుక్కుని, ఎవరెన్నేళ్ళు పనిచేశారో ఆ వరసలో నిలబడాలి. అందరికంటే ఎక్కువ ఏళ్ళు చేసినవాళ్ళు పొన్నుకర్ర పట్టుకుని ముందు నడవాలి, తెలివికి కాదు, పేరుకి కాదు, చావకుండా ఉన్నందుకు. ముప్పై నాలుగేళ్ళు చావకుండా ఉన్నందుకు ఆమె చేతికి వచ్చిన ఈ హికరీ కర్ర, వెండి పొన్నుతో కలిపి పసిపిల్లంత బరువు. కిందికి ఆనించకూడదు, భుజాన వేసుకోకూడదు, పదకొండింటికి ఆర్గన్ మొదలయ్యేదాకా ఇలా గుండెకి ఎదురుగా నిలబెట్టి పట్టుకోవాలి. ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలు. కుడి తుంటి అప్పుడే పోటు మొదలుపెట్టింది, అలబామా ఎండ ఏప్రిల్లోనే నేలమాళిగలోకి కూడా దిగొచ్చింది, ఎడమ చేతి గౌను మడతలో ఆ కాగితం చెమటకి మెత్తబడుతోంది.

ఆ కాగితం మీద మూడే గీతలు. ఆలోచన ఎవరిది. పని ఎవరిది. రాసింది ఎవరు. శిష్యురాలి పరిశోధన కాగితం అచ్చెయ్యడానికి పత్రికవాళ్ళు పంపిన ఫారం, కింద పంతులమ్మ సంతకం కావాలి, ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి గడువు, దాని కోసం ఆ శిష్యురాలు జెరూషా చాపెల్ పక్కవాకిలి మెట్ల మీద ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉంటుంది, ఇంకా ఇరవై ఒకటి నిండని పిల్ల, అమ్మ కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోసే లైనులో నిలబడి చదివిస్తున్న పిల్ల. మూడు గీతల మీదా ఒకటే పేరు రాయాలి. జెరూషా ప్రూయిట్, జెరూషా ప్రూయిట్, జెరూషా ప్రూయిట్. రాసి సంతకం గీకితే అయిపోయేదాన్ని మూడు రోజులుగా మోసుకు తిరుగుతోంది. ఇదివరకు ఏడుగురు శిష్యులకి పేరంతా ఇలాగే వదిలేసింది, చెయ్యి ఆగలేదు, మరి ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఎందుకు మొరాయిస్తోందంటే, ఇవాళ ఒక సంగతి తేలాలి. సోమవారం ప్రెసిడెంటు గారి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, మంచి జోడు వేసుకు రండమ్మా, మిమ్మల్ని స్టేజీ మధ్యకి పిలుస్తారు అని, ఎందుకే అంటే నేను చెప్పకూడదండీ అని ముసిముసిగా నవ్వింది ఆ గుమాస్తా పిల్ల. స్టేజీ మధ్యకి. దేశంలోని పెద్ద పరిశోధన కాలేజీల వరసలో ఈ ఏడు రెహోబోత్‌కి చోటు దొరికింది, నల్లవాళ్ళ కాలేజీకి అది దొరకడం మాటలు కాదు, హైవే మీద బోర్డు పెట్టారు, ఆ సంబరానికి ఒక పతకం పెట్టారు, ఆస్క్యూ పతకం, మొదటిది ఇవాళే ఇస్తారు. ఆమె కొత్త జోడు కొనుక్కుంది. పతకం నాకొస్తే పిల్లకి మూడు గీతలూ, అని పొద్దున అద్దంలో చూసుకుంటూ అనుకుంది. రాకపోతే అన్నది అక్కడే వదిలేసి లిప్‌స్టిక్ మూత పెట్టింది.

వెనక నిలబడ్డ హొరేస్ డబ్నీ చరిత్ర పంతులు, ముప్పై మూడేళ్ళ సర్వీసు, ఈమె ఎప్పుడు పోతుందా, కర్ర ఎప్పుడు అందుకుందామా అని చూస్తున్న మనిషి, ఆ సంగతి దాచుకోడు కూడా.

"చెయ్యి లాగుతుంటే చెప్పు మొజెల్, కాసేపు నేను పట్టుకుంటాను."

"నేను పోయాక పట్టుకుందువుగానిలే."

"కొత్త జోడు వేసుకొచ్చావుగా, ఇప్పట్లో పోయేట్టు లేవు." డబ్నీ ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "పతకం బొబ్బర్ల మీద పనిచేసినవాళ్ళకట. నేను చెప్పలేదు, నువ్వు వినలేదు."

బొబ్బర్లు. మెడ తిప్పకుండా మేకు వైపే చూస్తూ ఆ మాటని చప్పరించింది. ఈ కాలేజీలో బొబ్బర్లంటే ఇంకెవరు, పశువుల కొట్టం వెనక ఎకరంన్నర నల్లరేగడి, వాన పడితే కాలు వదలదు, ఎండితే చెయ్యి దూరే నెర్రెలు, అందులో ముప్పై నాలుగు పంటలు తీసింది ఎవరు. బొబ్బర్లకి పట్టే ముక్కుపురుగు మినపగింజంత కూడా ఉండదు, మనిషికి ఉంటే సిగ్గుపడాల్సినంత ముక్కు, దాంతో లేతకాయకి తూటు పొడిచి లోపల గుడ్డు పెట్టిపోతుంది. కాయ పైకి నిండుగానే ఉంటుంది, వలిస్తే లోపల తెల్లపురుగు గింజని తినేసి దర్జాగా కూర్చుని ఉంటుంది. కొత్త సంవత్సరం నాడు గిన్నెడు బొబ్బర్లు తినకపోతే ఆ ఏడు కలిసిరాదనుకునే జనం, పుచ్చిన కాయలు ఏరి పారేస్తూ పురుగుని తిట్టని అమ్మమ్మ ఈ జిల్లాలో లేదు. ఆ పురుగుతోనే మొజెల్ కాపరం. తాళి లాంటి ఉంగరం తొడిగిన మనిషి ఆరేళ్ళు చూసి, నా మొహం కంటే దాని ముక్కే నీకు బాగా తెలుసు అని డెట్రాయిట్ వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కి ఫోను చేసినప్పుడు ముందు పురుగు కులాసాయేనా అని అడిగేవాడు, తరవాత ఆ ఫోనూ మానేశాడు. ఆ పురుగుని మొదట అరచేతిలో పెట్టి చూపించింది ఆమె పంతులు, డాక్టర్ ఆస్క్యూ గారు, టోపీ తీసి, ఎండకి మొజెల్ నెత్తిన పెట్టి. ఆ టోపీ వద్దు. టోపీ గురించి కాదు ఇప్పుడు, ఇంకేదైనా.

గోళ్ళు. ఆస్క్యూ గారి బొటనవేలి గోరు. కాయ తొక్కని ఆ గోటితో నొక్కి చూసేవారు, తొక్క మందంగా ఉన్న కాయల్లోకి పురుగు ముక్కు దిగదు, ఇరవై ఏళ్ళు నొక్కి నొక్కి ఆయన తెలుసుకున్న సంగతి అది. పందొమ్మిదేళ్ళ మొజెల్ ఆయన పరిశోధన గదిలోకి వచ్చేసరికి ఆ ఇరవై ఏళ్ళ నోటుపుస్తకాలూ ఆమె ముందు పెట్టి లెక్క తేల్చమన్నారు, తేల్చింది, రాయమన్నారు, రాసింది, పైన ఆయన పేరూ కింద తన పేరూ పెట్టి తీసుకెళితే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆయన పేరు ఆయనే కొట్టేసుకున్నారు. "మొదటి కాగితం తలుపు పిల్లా. తలుపు మీద ఇద్దరి పేర్లుంటే వాళ్ళేమంటారో తెలుసా, ముసలాడు రాసిచ్చాడు, పిల్ల సంతకం పెట్టింది అంటారు. మనవాళ్ళలో తెలివైనవాడు ఒక్కడుంటేనే వాళ్ళకి నమ్మడం కష్టం, ఇద్దరంటే అసలు నమ్మరు. నువ్వు లోపలికి పో, నేను ఇక్కడే ఉంటా." ఆయనకి ఆయన పంతులు అలాగే ఇచ్చారట. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, ఆ గదిలో అది ఆచారం, కొత్తవాళ్ళకి బీకర్లు కడగడం నేర్పినట్టే నేర్పేవారు. ఆ ఒక్క కాగితం పట్టుకుని మొజెల్ ఉత్తరాదిన మంచు ఊళ్ళో డాక్టరేట్ చేసి తిరిగొచ్చింది. వచ్చి ఏడుగురికి తలుపులిచ్చింది, ఏడు కాగితాలు, ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఇప్పుడు కంప్యూటర్లో మనిషి పేరు కొడితే వాళ్ళ కాగితాలన్నీ బారులు తీరుతాయి కదా, ఆమె పేరు కొడితే నాలుగు వచ్చి ఆగిపోతాయి. ముప్పై నాలుగేళ్ళకి నాలుగు. ఆ నాలుగింట్లో మొదటిది ఎవరిదో ఇప్పుడే అనుకుంది, మళ్ళీ అనుకోనక్కర్లేదు.

వరుస చివర పెద్ద నవ్వు. చూడక్కర్లేదు, అది కార్వెల్ మేబ్రీ నవ్వు, చేరి ఏడాదే కనక చిట్టచివర నిలబడ్డాడు, పెద్ద ఊరి పెద్ద యూనివర్సిటీ నుంచి పరిశోధనాధిపతిగా బతిమాలి తెచ్చుకున్నారు, అతని గౌను మీద బంగారు అంచు. ఆమె తలుపులిచ్చిన ఏడుగురిలో ఒకడు, ఆ నవ్వు ఆమెకి వాడి పద్దెనిమిదో ఏటి నుంచి తెలుసు, ఏడుపు కూడా తెలుసు, మొదటి కాగితం ఒక పత్రిక తిప్పి కొడితే ఆమె వంటింట్లో బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. ఆమె నిమ్మకాయ పౌండ్ కేకు కోసి పెట్టింది, ఏడుస్తూనే నాలుగు ముక్కలు తిన్నాడు. తిండికి మొహమాటపడే రకం కాదు. కాయ తొక్కలో ఒక వాసన ఉంటే పురుగు దాని చాయలకి రాదని ఆమె పదకొండు పంటలు సంకరం చేసి పట్టుకుంది, ఆ పదకొండు పంటలూ ఆస్క్యూ గారు తన ముందు పెట్టినట్టే వాడి ముందు పెట్టింది, వాడి పేరు ఒక్కటే పెట్టి పంపింది. ఏరు దాటి తెప్ప తగలేశాడు అందామంటే వాడు తగలెయ్యను కూడా లేదు, ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేవాడు, మా అమ్మకి అని. అదే బాధ. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎవరికి చెప్పుకుంటుంది. కిందటి అక్టోబర్లో సిగ్గు విడిచి వాడి కొత్త ఆఫీసుకి వెళ్ళింది. కాగితాలు లెక్కపెట్టి ఎవరికి గది ఉంచాలో ఎవరికి తీసెయ్యాలో చూసే కమిటీకి వాడే పెద్ద. "ఆ వాసన పని ఎవరిదో ఒక్క ముక్క రాసి నా ఫైల్లో పెట్టరా" అంది. వాడు లేచొచ్చి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, అది ఇప్పుడు తిరగదోడితే దాని మీద కట్టినవన్నీ కదులుతాయి. ఇరవై మంది పిల్లలు జీతాల మీద ఉన్నారు. నీ గది జోలికి ఎవడూ రాడు, నాదీ పూచీ. నీకేదో ఒకటి చేస్తాలే." ఏదో ఒకటి చేస్తాలే. స్టేజీ మధ్యకి. బొబ్బర్ల మీద పనిచేసినవాళ్ళకట. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సరిగ్గా అతుకుతున్నాయి, వాడు చెడ్డవాడు కాదు, చెప్పి చెయ్యలేనిది ఇలా చేసి ఉంటాడు. తుంటి పోటు కాస్త తగ్గినట్టనిపించింది.

అమ్మ. డబ్నీని డాక్టర్ డబ్నీ అంటారు, రసాయనశాస్త్రంలో నిన్న చేరిన కుర్రాణ్ణి డాక్టర్ అంటారు, ఆమెని టాలివర్ అమ్మ అంటారు. మొదటి రెండేళ్ళు దిద్దింది, డాక్టర్ టాలివర్ అనండి అని, వాళ్ళు సరేనమ్మా అనేవారు. తరవాత చలిజ్వరమొచ్చిన పిల్లలు, అద్దెకట్టలేని పిల్లలు, కడుపుతో ఉండి ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు ఆ గది తలుపు కొట్టి అమ్మా అంటే ఏ డాక్టరు పలుకుతుంది, అమ్మే పలికింది. జెరూషా కూడా అంతే, వచ్చిన రోజే అమ్మా అంది. బద్ధకపు పిల్ల, మొదట్లో. నిప్పుచీమలు కుడతాయని మొజెల్ ముప్పై ఏళ్ళుగా మడుల చుట్టూ సబ్బునీళ్ళు కొట్టించేది, మొక్కల మొదళ్ళకి జిగురు పూయించేది. కాళ్ళ మీద ఆ కాట్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, మేజోళ్ళు వేసుకుంటే కనబడవు. కిందటి జులైలో జెరూషా ఒక సాలుకి జిగురు పూయడం మర్చిపోయింది. చీమలు ఎక్కాయి. మొజెల్ చెడామడా తిట్టింది, నీకు చదువెందుకు, మీ అమ్మ పక్కన కోళ్ళు కోసుకోరాదూ అని, ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్ల మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ సాలులో బకెట్టు బోర్లించుకుని కూర్చుంది, ఆ మర్నాడూ కూర్చుంది, వారం కూర్చుంది, కాళ్ళు బొబ్బలెక్కి వచ్చి అడిగింది.

"అమ్మా, చీమలున్న కాయల మీద పురుగు లేదేం?"

అంతే ప్రశ్న. కొన్ని మొక్కల పూల కాడల దగ్గర తేనెచుక్క ఊరుతుంది, ఆ తేనెకి చీమలొస్తాయి, చీమలు పురుగుని కాయ మీద వాలనివ్వవు. తేనె ఎక్కువ రోజులు ఊరే మొక్కని పట్టుకుంటే మందు కొట్టక్కర్లేదు, పేదవాడి మడి దానంతటదే కాపలా కాసుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా మొజెల్ తన చేతులతో సబ్బునీళ్ళు కొట్టి తరిమింది జవాబుని. మేకు వైపు చూస్తుంటే మేకు చుట్టూ చీమలు తిరుగుతున్నట్టనిపించి కళ్ళు ఆర్పింది, లేవు. ఆ సంగతి విన్నరోజు పిల్లని గట్టిగా కౌగిలించుకుంది, అది నిజం. ఇంటికెళ్ళి స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏడ్చింది, అదీ నిజం. ఆమెకి ఎప్పుడూ తట్టలేదు, తట్టి పిల్లకి ఇచ్చిన ఆలోచన కాదు ఇది, ఆస్క్యూ గారి గోరు కాదు, తన పదకొండు పంటలు కాదు, బకెట్టు బోర్లించుకున్న పిల్లది, ఆ పిల్ల ఒక్కదానిదే. ఈ కాగితం ఒక్కదాని పేరు మీద వస్తే ఏ ఉత్తరాది యూనివర్సిటీ అయినా చెయ్యిచ్చి లోపలికి లాక్కుంటుంది, ఉత్తరం కూడా వచ్చింది, కాగితం అచ్చుకి వెళ్ళినట్టు చూపిస్తే సీటు ఖాయం అని. పేరు వెనక్కి జరిగితే ఎండలో పురుగులు లెక్కపెట్టిన పిల్ల, అలాంటి పిల్లలు మడికొకరు.

పది నలభై అయింది, ఎవరో నీళ్ళ సీసాలు పంచుతూ వచ్చారు, కర్ర పట్టుకున్న చేతులకి సీసా ఎలా ఇస్తారు, పక్కనుంచి వెళ్ళిపోయారు. గొంతు ఎండిపోయింది. ఆ రోజూ ఇంతే గొంతు ఎండిపోయింది, టోపీ వద్దనుకుంటే టోపీయే వస్తుంది, వస్తే రానీ. ఆస్క్యూ గారు డెబ్భైలో పడ్డాక గది ఖాళీ చెయ్యమన్నారు, అచ్చయిన కాగితాలు ఆరుంటే గదీ మడీ బతికున్నన్నాళ్ళూ ఉంచుతామన్నారు, ఆయన దగ్గర ఐదున్నాయి. ఒకటి తక్కువ. ఆయన మొజెల్ గది గుమ్మంలో టోపీ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు, తెల్ల దుకాణదారు ముందు కూడా టోపీ తియ్యని మనిషి. "ఆ గోటి పని నాదని ఒక్క ఉత్తరం రాసిస్తావా పిల్లా, కాగితం నీదే, పని మాత్రం నాదని." అదే వసంతంలో ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. ఆమెకీ లెక్కే, ఆ మొదటి కాగితం పోతే ఆమెకీ ఒకటి తక్కువ. ఆలోచించి చెప్తానండీ అనొచ్చు, అనలేదు. ఏడవొచ్చు, ఏడవలేదు. కార్వెల్ చెయ్యైనా పట్టుకున్నాడు, ఆమె కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. "కాగితం మీద ఒక్క పేరే ఉంది కదండీ, డాక్టరు గారూ" అంది. ఆయన కాసేపు టోపీ అంచు తిప్పుకున్నారు. "ఉంది, నేనే ఉంచమన్నాను" అని, గుమ్మంలోనే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ వేసవిలో గదికి తాళం పడింది, ఆయన మడిలో కార్లు నిలపడానికి తారు పోశారు. రెండేళ్ళకి పోయారు, శవపేటిక దగ్గర అందరికంటే గట్టిగా పాడింది మొజెల్. ఇప్పుడు ఆయన పేరున పతకం. చచ్చినవాడి కళ్ళు చారడేసి. దేవుడా, ఆ పతకం నా మెడలో పడితే ఆయన క్షమించినట్టే అనుకుంటాను, అని ఆమె నిజంగా ప్రార్థించింది, గోడకేసి చూస్తూ, అంతకంటే సిగ్గులేని ప్రార్థన ఆ చాపెల్లో ఎవరూ చేసి ఉండరు.

ఆర్గన్ మొదలైంది. మెట్లు పదిహేడు, ఒక్కో మెట్టుకీ తుంటి ఒక్కో మాట అంది. పైన తలుపులు తెరుచుకునేసరికి వెలుగు, టోపీలు, పెద్దమ్మల టోపీలు, ఊదా, పసుపు, వెన్నరంగు, శవసంస్కారాల కంపెనీ వాళ్ళు పంచిన అట్ట విసనకర్రలు వందల కొద్దీ ఒక్క లయలో ఊగుతున్నాయి, జనం లేచి నిలబడ్డారు, కర్రకి లేచారు, కర్ర వెనక ఎవరున్నారో ఎవరికి కావాలి. తిన్నగా నడిచింది. స్టేజీ ఎక్కి తన చోట నిలబడింది, కర్ర మనిషి చివరిదాకా నిలబడే ఉండాలి. ప్రార్థన అయింది, పాట అయింది, ప్రెసిడెంటు హైవే బోర్డు గురించి చెప్పింది, మన తాతలు మోసిన ఇటుకల గురించి చెప్పింది, ఇవాళ మొదటి ఆస్క్యూ పతకం, బొబ్బరకాయ వాసనతో పురుగుని జయించిన పరిశోధనకి, అంది, మొజెల్ కాలు ఒకటి అరంగుళం ముందుకి పడింది. డాక్టర్ కార్వెల్ మేబ్రీ, అంది.

కాలు వెనక్కి తీసుకుంది. ఎవరూ చూడలేదు, డబ్నీ చూశాడు. చప్పట్లు, ఈలలు, కార్వెల్ వాళ్ళమ్మ రెండో వరుసలో లేచి చేతులూపింది. చప్పట్లు కొట్టకపోతే బాగుండదనుకోవడానికి కూడా లేదు, చేతుల్లో కర్ర ఉంది. వాడు మైకు ముందుకొచ్చి దేవుడికి చెప్పాడు, అమ్మకి చెప్పాడు, ఎన్నడూ చూడని ఆస్క్యూ గారికి చెప్పాడు, ఆయన భుజాల మీద నిలబడ్డానన్నాడు. "ఇంకొక్కళ్ళున్నారు" అన్నాడు, గొంతు బొంగురుపోయింది, నటన కాదు, అదే ఘోరం. "నా మొదటి కాగితం వెనక్కొచ్చిన రోజు ఈ కర్ర పట్టుకుని నిలబడ్డ ఈవిడ వంటింట్లో ఏడ్చాను. ఈవిడ ఏం చేసిందో తెలుసా? నిమ్మకాయ కేకు పెట్టింది. ఆ కేకు లేకపోతే ఇవాళ ఈ సైన్సు లేదు. టాలివర్ అమ్మకి గట్టిగా." హాలు పగలబడి నవ్వింది, లేచి నిలబడింది, చప్పట్లు ఆగలేదు, వెన్నరంగు టోపీ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది, ఎవరో వెనక నుంచి నాకో ముక్క పెట్టమ్మా అని అరిచారు, మళ్ళీ నవ్వు. ముప్పై నాలుగేళ్ళలో అంత గట్టిగా ఆమెకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రెసిడెంటు చెయ్యూపి స్టేజీ మధ్యకి పిలిచింది, ఇదే ఆ పిలుపు, కర్ర డబ్నీకి ఇమ్మంది, పదకొండేళ్ళకి డబ్నీ చేతుల్లో కర్ర పడింది, ఆమె చేతుల్లో పతకం పెట్టారు. వెయ్యమ్మా, నీ చేత్తోనే వెయ్యాలని ఆయనే అడిగారు, అంది ప్రెసిడెంటు. కార్వెల్ తల వంచాడు. మెడ వెనక ఆ పుట్టుమచ్చ, బల్ల మీద తల పెట్టి ఏడ్చినప్పుడు చూసిందే. రిబ్బను వేసింది. వాడు ఆమె చెవిలో, "చెప్పానుగా అమ్మా, ఏదో ఒకటి చేస్తానని" అన్నాడు.

"మంచిపని చేశావు నాయనా" అంది.

తరవాత బిషపు మాట్లాడాడు, ఎవరో పాడారు, అవేవీ ఆమెకి అందలేదు. వరుస బయటికి నడిచినప్పుడు కర్ర మళ్ళీ ఆమె చేతికొచ్చింది, మెట్లు దిగకుండా పక్కవాకిలి వైపు తిరిగింది, కర్ర ముందు ఎటు పోతే వరుస అటు పోవాలి కనక నలుగురు పంతుళ్ళు ఆమె వెంట తప్పుదారి పట్టి, సంగతి గ్రహించి వెనక్కి మళ్ళారు. బయట ఎండ కళ్ళలో కొట్టింది. జెరూషా మెట్ల మీదే ఉంది, ల్యాప్‌టాప్‌కి ఎండ తగలకుండా తన స్కార్ఫు కప్పి, లేచి నిలబడి నవ్వింది, లోపలి చప్పట్లు విని ఉంటుంది.

"మీకే కదమ్మా చప్పట్లు? బయటిదాకా వినపడ్డాయి. ఇంకా ఇరవై నిమిషాలుంది, ఏం కంగారు లేదు."

మొజెల్ కర్రని గోడకి ఆనించింది, ఆనించకూడదు, ఆనించింది. మడతలోంచి కాగితం తీసి, రాతిగట్టు మీద పరిచి, పిల్ల ఇచ్చిన పెన్ను తీసుకుంది. ఏడు కాగితాల మీద రాయాల్సిన పేరు ఏడింటి మీదా రాయలేదు, అవన్నీ ఆమెవే. ఇది ఎనిమిదోది. ఆలోచన ఎవరిది అన్న గీత మీద మొజెల్ టాలివర్ అని రాసింది, అక్షరాలు పొందిగ్గా వచ్చాయి. రాసింది ఎవరు అన్న చోట కూడా అదే. మధ్యలో పని ఎవరిది అన్న చోట జెరూషా ప్రూయిట్. కింద సంతకం చేసి ఇచ్చింది.

పిల్ల చదివింది. పైనుంచి కిందికి ఒకసారి, మళ్ళీ పైన ఒకసారి. దాని మొహంలోంచి నవ్వు వెంటనే పోలేదు, ఎటు పోవాలో తెలీక కాసేపు అక్కడే ఉండిపోయింది.

"అమ్మా, చీమలు..." అంది.

"కాగితం మీద ఏముందో అదే పంపు."

జెరూషా కళ్ళెత్తి ఆమె వైపు చూసింది. వంగి గట్టు మీద కూర్చుని, ఫారం ఫోటో తీసి, పైన ఉన్న తన పేరు చెరిపి కిందికి దించి, ఆమె పేరు పైన కొట్టింది. నొక్కాల్సింది నొక్కింది. కాగితం వెళ్ళిపోయింది.

"అయిపోయిందండీ, డాక్టర్ టాలివర్ గారూ" అంది.